ఈనక్ ఫిట్టన్ బంతి వదిలేశాడా?

మా ఊళ్లో ఎవరి చేతిలోంచి ఏది జారిపడినా "ఫిట్టన్ చేశావు" అంటారు. సాసరు పగిలినా ఫిట్టనే, సైకిల్ తాళం కాలువలో పడినా ఫిట్టనే. చర్చిలో బాప్తిస్మం ఇస్తున్న పాస్టరు గారి చేతుల్లో పసివాడు కాస్త మెసిలితే చాలు, వెనక బెంచీల్లోంచి ఎవడో ఒకడు "ఫిట్టన్ చెయ్యకండి సార్" అని గొణుగుతాడు. పక్క ఊరు హాల్‌షాకి పోయి ఈ మాటంటే ఎవరికీ అర్థం కాదు. మా క్లఫ్‌డెన్‌లో మాత్రం మాటలు నేర్చే పిల్లలకి ముందు వచ్చే మాటల్లో ఇదొకటి.

ఫిట్టన్ అంటే ఈనక్ ఫిట్టన్. 1903లో మా ఫుట్‌బాల్ జట్టు గోల్‌కీపరు. హాల్‌షాతో ఫైనల్లో, మా మైదానంలోనే, ఆట ఇంకాసేపట్లో అయిపోతుందనగా, ఒళ్లోకి వచ్చి పడ్డ బంతిని వదిలేశాడట. అది దొర్లుకుంటూ గోల్లోకి పోయిందట. హాల్‌షా గెలిచింది. ఆ తర్వాత మా జట్టు మళ్లీ ఫైనల్ మొహం చూసిన పాపాన పోలేదు కాబట్టి ఎనభై ఏళ్లుగా ఆ ఒక్క బంతి గురించే మాట్లాడుకుంటున్నాం. మిగతా పదిమందీ ఆ రోజు ఏం పొడిచారని ఎవరూ అడగరు. హాల్‌షా వాళ్లు మనకంటే బాగా ఆడారని ఒప్పుకోవడం కన్నా, మనవాడే వదిలేశాడనుకోవడం మా ఊరికి సుఖంగా ఉంది.

సాక్ష్యం కావాలా? ఊరంతా సాక్షులే. వాళ్లలో పెద్ద సాక్షి మా తాత జేబెజ్ హోరక్స్. ఆదివారం భోజనాల దగ్గర క్యాబేజీ పట్టుకుని లేచి నిలబడేవాడు. "ఇదిగో, ఇలా వచ్చింది. ఇలా పట్టాడు. తర్వాత చూడండి, ఇలా..." అని క్యాబేజీ నేలమీదకి వదిలేవాడు. మా నాయనమ్మ అరిచేది. "ఈ కళ్లతో చూశాను! చెయ్యి చాపితే ఫిట్టన్ చొక్కా అందేది, అంత దగ్గర నిలబడ్డాను!" అనేవాడు. నా చిన్నతనమంతా మేం తిన్న క్యాబేజీకి ఒక పక్క సొట్ట ఉండేది.

ఈనక్ కూతురు యానిస్ ఆంటీ మా వీధిలోనే ఉంటుంది. డెబ్బై దాటాయి. మిల్లులో నేత పని చేసి చేసి చెవులు కొంచెం మందగించాయి గాని నోటికి ఏ లోటూ రాలేదు. పెళ్లితోనన్నా ఆ ఇంటిపేరు వదులుతుందని అందరూ అనుకుంటే, ఆవిడ మనసుపడింది కూడా ఇంకో ఫిట్టన్ మీదే. చుట్టరికం ఏమీ లేదు, రాక్‌ఫోర్డ్ వైపు ఫిట్టన్లు. "దేవుడికి కూడా నాతో వేళాకోళమే" అనేది. బడిలో, మిల్లులో, మార్కెట్టులో జీవితమంతా ఎవడో ఏదో పడేసుకోవడం, పక్కవాడు ఆమె ఇంటిపేరు అరవడం. ఆమె తలెత్తి చూడటం, వాళ్లు పళ్లికిలించడం.

నేను కార్మికుల క్లబ్బులో బార్ చూసుకుంటాను. పోయిన శీతాకాలం టాఫీ కొట్టు పాత భవనం పడగొడుతుంటే, నేలమాళిగలో తుప్పు పట్టిన మూడు డబ్బాలు దొరికాయి. వాటిలో ఫిల్ము చుట్టలు. ఆ రోజుల్లో సంతల్లో గుడారం వేసి సినిమా బొమ్మలాడించే ఒకాయన ఆ ఇంట్లోనే అద్దెకుండేవాడట. మాంచెస్టరులో పాత ఫిల్ములు భద్రపరిచే చోటు నుంచి గిలియన్ అనే అమ్మాయి వచ్చి, ఆ ఫిల్ము నిప్పు రవ్వ తగిలితే భగ్గుమంటుందని చెప్పి, అప్పటిదాకా డబ్బాల మీద కూర్చుని సిగరెట్లు కాల్చిన కూలీలకి చెమటలు పట్టించి, అన్నీ పట్టుకుపోయింది. రెండు చుట్టలు ముద్దయిపోయాయి. మూడోది బాగుంది. కొత్త ఫిల్ము మీదకి ఎక్కించాను, వచ్చి చూపిస్తానని ఫోన్ చేసింది. అందులో ఏముందో తెలుసా? 1903 ఫైనల్!

క్లబ్బు అధ్యక్షుడు వాల్టర్ బ్రయర్లీకి ఆ మాట వినగానే ఒళ్లు తెలియలేదు. వాల్టర్ తనకి తాను మా ఊరి చరిత్రకారుడు. ఏటా క్లబ్బు విందులో ఆ గోలు కథని మా తాత కంటే ఎక్కువ అభినయంతో చెప్పి మా బుర్ర తినేవాడు. "ఇక రుజువు దొరికిందయ్యా డెరిక్! బంతి జారడం తెర మీద చూపిస్తాం!" అని బార్ బల్ల మీద చరిచాడు.

మూల బల్ల దగ్గర యానిస్ ఆంటీ గ్లాసు దించింది. "జారకపోతే?"

"ఏంటమ్మా?"

"చెవుడు నాకా నీకా? మా నాన్న బంతి వదల్లేదని తెలిస్తే ఏం చేస్తావంటున్నాను."

వాల్టర్ నవ్వాడు. "స్టేజీ ఎక్కి ఊరి తరఫున నీకు క్షమాపణ చెప్తాను. ఆ మాట ఈ క్లబ్బులో ఎవడన్నా అంటే బయటికి గెంటిస్తాను. మరి వదిలాడని తేలితే?"

"అప్పుడు ఆ స్టేజీ నేనే ఎక్కి, మా నాన్న వదిలేశాడని మైకులో చెప్తాను. మీ అందరి ప్రాణాలు చల్లబడతాయి."

ఆవిడ ఇంటికి వెళ్లేటప్పుడు నేను తలుపు తీసి పట్టుకున్నాను. "ఎందుకు ఆంటీ ఈ పందెం? ఆ వాల్టర్‌గాడి మాట పట్టించుకోవాలా?" అన్నాను.

"నాకు తెలియాలి డెరిక్," అంది. "మా నాన్న ఆ ఆట గురించి చచ్చేదాకా ఒక్క ముక్క మాట్లాడలేదు. ఎవరన్నా ఎత్తితే లేచి పెరట్లోకి పోయేవాడు. వదిలాడా, వదల్లేదా, ఏదో ఒకటి తెలిసి పోతాను. వదిలాడనే తేలినా సరే."

ఆదివారం మధ్యాహ్నం హాలు కిక్కిరిసింది. బయట వాన, లోపల తడి కోట్ల వాసన, మాంసం కూరి కాల్చిన పైలు, ఉడికిన బఠాణీలు. మూతపడిన మిల్లుల వాళ్లు, వాళ్ల పిల్లలు, పిల్లల పిల్లలు. అందరి తాతలూ ఆ రోజు అక్కడున్నవాళ్లే మరి. యానిస్ ఆంటీ ముందు వరసలో మంచి టోపీ పెట్టుకుని కూర్చుంది. వాల్టర్ ఉపన్యాసం ఎంతకీ తెగకపోతే ఎవరో వెనకనుంచి "ఆట ఇంతసేపు లేదు గదయ్యా!" అని అరిచారు. గిలియన్ లైట్లు తీసేసింది.

ముందు ఆటగాళ్లు ఒక్కొక్కరే కెమెరా పక్కనుంచి మైదానంలోకి వచ్చారు. మోకాళ్ల దాకా నిక్కర్లు, ఒత్తైన మీసాలు. అందరికంటే పొడుగ్గా, టోపీ వెనక్కి తోసుకుని ఒకడు వచ్చాడు. కెమెరాని చూసి పళ్లన్నీ కనిపించేలా నవ్వి, కన్నుకొట్టి వెళ్లిపోయాడు.

"అది మా నాన్న," అంది యానిస్ ఆంటీ గట్టిగా. తర్వాత గొంతు తగ్గించి నాతో, "నవ్వడం కూడా వచ్చేదేమిటి ఈయనకి?" అంది.

తర్వాత బొమ్మ మారింది. కెమెరా ఒక గోలు వెనకాల, జనానికి కూడా వెనకాల, ఏదో బండి మీద ఎత్తుగా ఉన్నట్టుంది. ముందు వందల తలలు, వాటి మీదుగా గోలు, దాని అవతల మైదానం. ఎక్కడో చివర చీమంత రెండో గోలు.

"ఇది హాల్‌షా వాళ్ల గోలు," అంది గిలియన్. "క్లఫ్‌డెనే గెలుస్తుందని అందరి నమ్మకం. గోల్స్ అన్నీ ఈ చివరే పడతాయని కెమెరా ఇక్కడ పెట్టారు."

"అంటే ఫిట్టన్..."

"ఆ చివర ఉన్న చుక్క."

హాలంతా ఉసూరుమంది. వాల్టర్ "ముందుకు జరిపి పెట్టుండాల్సింది" అన్నాడు, ఎనభై ఏళ్ల కిందటి కెమెరావాడు ఇప్పుడు జరుపుతాడన్నట్టు.

అంతలో తెర మీద జనం కెమెరాని గమనించారు. ఒకడు వెనక్కి తిరిగాడు, వాణ్ని చూసి పక్కవాడు. చూస్తుండగానే అందరూ ఆటకి వీపు పెట్టి కెమెరా కేసి తిరిగిపోయారు! టోపీలు ఊపేవాళ్లు, పిల్లల్ని భుజాల మీదకి ఎత్తేవాళ్లు, వెక్కిరించేవాళ్లు. సాయంత్రం సంతలో గుడారం ముందు నిలబడి తమ మొహాలు తామే చూసుకోవాలని ఆశ. కెమెరావాడే రుమాలు ఊపి తిప్పించేవాడట. ఎన్ని మొహాలు పడితే అన్ని టికెట్లు తెగుతాయి గదా.

హాల్లో సందడి మొదలైంది. "ఒరే, మా తాత!" "ఆ మీసాలు చూడవే, మా పెద్దనాన్నే!" "గిన్నెటోపీ పెట్టుకున్నాయన మా ముత్తాత, ఫొటో ఉంది ఇంట్లో!" వాల్టర్ కూడా లేచి నిలబడి, బుగ్గలు ఉబ్బిస్తున్న ఒక లావుపాటాయన్ని చూపించి "మా తాత! మా తాత!" అని గంతులేశాడు.

సరిగ్గా తెర మధ్యలో, నాలుక మొత్తం బయటపెట్టి, రెండు చెవులూ చేతులతో లాక్కుంటూ, మా తాత జేబెజ్ హోరక్స్. ఫిట్టన్ చొక్కా అందేంత దగ్గర నిలబడ్డ మనిషి. మైదానం ఈ చివర!

అప్పుడు గిలియన్ "చూడండి, వెనకాల" అంది.

ఆ చివర చుక్కలన్నీ ఒకచోట గుమిగూడాయి. కొన్ని చుక్కలు చేతులు పైకెత్తి గెంతాయి. హాల్‌షా వాళ్లు. అదే ఆ గోలు. మా ఊరి తాతలందరూ అప్పుడు కూడా కెమెరా కేసే చూస్తూ టోపీలు ఊపుతున్నారు.

ఫిల్ము అయిపోయింది. లైట్లు వెలిగాయి. ఎవడి ప్లేటులోకి వాడు ఏదో పోగొట్టుకున్నట్టు చూసుకుంటున్నాడు. నాకు మాత్రం పొట్ట చెక్కలయ్యేలా నవ్వొచ్చింది, ఆపుకోలేదు. ఎన్ని క్యాబేజీలు పడేశాడు ముసలాయన!

"నవ్వు చాలు గాని," అన్నాడు వాల్టర్, మొహం జేవురించి. "ఇందులో ఏమీ తేలలేదు. వదిలాడనీ లేదు, వదల్లేదనీ లేదు. పందెం సమానం."

"తేలలేదా?" అన్నాను. "ఒక్కడూ చూడలేదని తేలింది గదయ్యా. మీ తాతా, మా తాతా."

"ఒకరు చూశారు," అంది యానిస్ ఆంటీ.

ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. తెల్లటి తెర వంక చూస్తోంది. "అమ్మాయీ, చివరి ముక్క మళ్లీ వెయ్యి. ఎడమ పక్క, మైదానం చుట్టూ కట్టిన తాడు దగ్గర చూడండి."

గిలియన్ మళ్లీ వేసింది. ఈసారి చూశాను. అన్ని మొహాల మధ్యా ఒక్క వీపు. ఆడమనిషి, మిల్లు శాలువా, పొడుగాటి గొడుగు. ఆమె ఒక్కతే ఆట వైపు తిరిగి మునివేళ్ల మీద నిలబడి ఉంది. ఆ చివర చుక్కలు గుమిగూడాయి. అంతే, ఆమె లంగా మోకాళ్ల దాకా ఎగదోపి, తాడు దాటి, గొడుగు కర్రలా పైకెత్తి మైదానంలోకి పరుగెత్తింది. వెనకనుంచి చూసినా తిడుతోందని తెలుస్తోంది.

"మా అమ్మ," అంది యానిస్ ఆంటీ. "కెజాయా. అప్పటికి ఇంకా పెళ్లి కాలేదు."

"వీపు తప్ప ఏమీ కనబడట్లేదే," అన్నాడు వాల్టర్. "ఎవరైనా కావచ్చు."

"పొయ్యి ముందు ఆ వీపే, బట్టల తొట్టి ముందు ఆ వీపే. ఆ వీపు చూస్తూ పెరిగిన పిల్లని రా నేను. ఎడమ భుజం కిందికి దిగి ఉంది చూడు. నువ్వు బుగ్గలు చూసి తాతని పట్టుకోవచ్చు గాని నేను అమ్మని పట్టుకోకూడదా?"



"గొడుగు ఎవరి మీదకి ఎత్తింది ఆంటీ?" అన్నాను.

"రిఫరీ మీదకి. ఆవిడ చెప్పేది. బంతి మా నాన్న గుండెల మీదే ఉందట, రెండు చేతులా పట్టుకున్నాడట. హాల్‌షా వాళ్లు ఇద్దరు భుజాలతో గుద్ది, మనిషినీ బంతినీ కలిపి గోల్లోకి తోసేశారట. ఆ రోజుల్లో కీపర్ని గుద్దితే తప్పు లేదు, రిఫరీ విజిలెయ్యలేదు. తను పరుగెత్తి అక్కడికి చేరేసరికి కూడా మా నాన్న బంతి వదల్లేదట. మా అమ్మ ఈ మాట పోయేదాకా చెప్పింది."

"మరి ఎవరూ ఎందుకు నమ్మలేదు?" అంది గిలియన్.

"పెళ్లాం గదా, ఇంకేం చెప్తుంది అనేవాళ్లు."

వాల్టర్ స్టేజీ వైపు నడిచాడు. పాపం, ఒక్కో మెట్టూ ఎక్కలేక ఎక్కి మైకు పట్టుకున్నాడు. "క్లఫ్‌డెన్ ప్రజల తరఫున, యానిస్ ఫిట్టన్ గారికి..." అని మొదలుపెట్టాడు. వెనక బెంచీల్లోంచి చప్పట్లు కొట్టారు. కొందరు లేచి నిలబడ్డారు. నేను ఆవిడ కేసి చూశాను, ఎంత సంతోషంగా ఉంటుందో అని.

ఆవిడ కళ్లు తుడుచుకుంటోంది. సంతోషంతో కాదని చూడగానే తెలిసింది.

"ఏంటి ఆంటీ? గెలిచావు గదా."

"ఊళ్లోవాళ్ల సంగతి కాదురా," అంది. "వంటింట్లో ఎన్నిసార్లు చెప్పిందో నాకు. వాళ్లు తోశారే, నేను చూశానే అని. నేను గిన్నెలు కడుగుతూ, సర్లేవే అమ్మా అనేదాన్ని. మొగుడి పరువు కోసం అల్లుతోంది అనుకున్నాను. అసలు ఆటకి వెళ్లిందో లేదో అనుకున్నాను. నేనూ నమ్మలేదు డెరిక్."

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. స్టేజీ మీద వాల్టర్ ఇంకా క్షమాపణ చెబుతూనే ఉన్నాడు, తన తాత పెద్దమనుషుల్లో పెద్దమనిషి అనే దాకా వచ్చాడు.

యానిస్ ఆంటీ టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. కుర్చీని చప్పుడయ్యేలా తెర దగ్గరికి లాక్కుంది.

"వాల్టర్, ఇక చాలు, దిగు," అంది. "అమ్మాయీ, మళ్లీ మొదటినుంచి వెయ్యి. మిగతావాళ్లంతా కాసేపు నోళ్లు మూసుకోండి. నేను మా అమ్మని చూడాలి."