వేణ్ణీళ్ళలో వేసిన పెన్ను

మర్నాడు హిందీ బడిలో బహుమతుల పండుగ. సర్టిఫికెట్ల మీద పిల్లల పేర్లు హిందీలో చేత్తో రాసే పని టీచరు భానుప్రియ మీద పడింది. రైల్వే గార్డుగా రిటైరైన మామగారు జగన్నాథం దగ్గర ఎబొనైట్ అనే గట్టి రబ్బరుతో చేసిన పాత నల్లటి సిరా పెన్ను ఉంది. దానితో రాస్తే అక్షరం అందంగా వస్తుందని, ఆయన ఊళ్ళోనే మంగ్లా పేటలో ఉన్న స్నేహితుణ్ణి చూడ్డానికి వెళ్ళిన సమయం చూసి, అడక్కుండానే తీసింది.

బయట ముసురు. నున్నటి కాగితం మీద సిరా ఎంతకీ ఆరలేదు. చెయ్యి తగిలి ఒక పేరు అలుక్కుపోయింది. త్వరగా ఆరుతుందని బొమ్మలు వేసే నల్ల ఇంకు పోసింది. కాసేపు బాగానే రాసింది. టీ పెట్టుకుని వచ్చేసరికి పాళీ మొండికేసింది. విదిలించినా చుక్క రాలలేదు. ఇంకు లోపలే గట్టిపడిపోయింది.

భానుప్రియ పెన్ను పట్టుకుని పంపు దగ్గరికి పరుగెత్తింది. మామగారు ఉద్యోగంలో చేరినప్పుడు వాళ్ళ నాన్న రాజమండ్రిలో కొనిచ్చిన పెన్ను అది. ఎవరి చేతికీ ఇవ్వరు. చన్నీళ్ళతో కడిగితే లాభం లేకపోయింది. ఇంటి గేటు చప్పుడైనప్పుడల్లా కిటికీలోంచి చూస్తూ, ఆఖరికి మరిగే నీళ్ళలో వేసింది. తర్వాత పాళీని గుడ్డతో పట్టి లాగి, దాని కింద సిరాను అందించే నాలుకను కూడా తీసి, సన్నటి గాడిలో పేరుకున్న నలుపును టూత్‌బ్రష్షుతో తోమింది. బిగించి మామూలు సిరా పోస్తే గీత పడింది.

ఊపిరి పీల్చుకుని తుడవబోతే, పెన్ను నల్లగా లేదు. నీళ్ళలో మునిగినంత మేరా బురదరంగుకు తిరిగింది. ఎంత రుద్దినా అంతే.

ఆయనకు చూపు మందగించింది. చెప్పకపోతే తెలియకపోవచ్చు. కానీ ఆయన గొడుగు మూలన పెట్టి కూర్చోగానే, ఉండబట్టలేక అంతా చెప్పేసింది.

జగన్నాథం పెన్నును వెలుతురుకు పెట్టి చాలాసేపు తిప్పితిప్పి చూశారు.

"రాస్తందా?" అన్నారు చివరికి.

"రాస్తోంది మావయ్యా."

"రంగు పోతే పోనీ. అడిగితే నాను ఇవ్వనేటమ్మా? సెప్పకుండా తీసీడమే బాగునేదు."

తప్పయిందని తల వంచుకుంది. ఆయన పెన్ను జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళారు. బాల్‌పెన్నుతో ఎలాగోలా ముగిద్దామని ఆమె కూర్చుంటే, కాసేపటికి తిరిగొచ్చి పెన్నును బల్లమీద పెట్టారు. ఆ నల్లింకు మాత్రం ముట్టుకోవద్దన్నారు.

ఆమె రాస్తూంటే ఆయన ఒక్కొక్క కాగితాన్నీ అంచులు పట్టుకుని తీసుకెళ్ళి, ఫ్యాను కింద మంచం మీద పరిచారు. ఒకచోట హిందీ గుణింతపు గుర్తు వంకరపోయింది. వంటకు లేచే వేళకి కూడా ఆఖరివి తడిగానే ఉన్నాయి. ఎవరూ ముట్టుకోకుండా ఆయన ఆ మంచం పక్కనే కుర్చీ వేసుకున్నారు.