యుఫోనియానికి ఇచ్చిన పాట

పెనం మీద అట్టు తిరగేస్తుంటే మా ఆయన మోజెస్ వంటింటి గుమ్మంలోకి వచ్చి, "నందిగామ పాస్టర్‌గారు ఈసారి క్రిస్మస్‌కి మన పాటలతో పాటు పాత ఇంగ్లీషు డాన్సు ట్యూన్లు కూడా కావాలంటన్నారు. స్వింగ్ అంట. ఓ నాలుగు రాసిపెట్టు" అన్నారు. చట్నీలో ఉప్పు తక్కువైందని చెప్పినంత తేలిగ్గా.

నాలుగు ట్యూన్లంటే నాలుగు కాగితాలు కావు. జగ్గయ్యపేటలో ఆయన నడిపే బ్యాండులో పదహారు మంది ఉన్నారు. ఒక్కో పాటకి ట్రంపెట్లకి వేరే, క్లారినెట్లకి వేరే, ఒళ్లో పెట్టుకుని ఊదే లోగొంతు ఇత్తడి వాయిద్యం యుఫోనియానికి వేరే, డ్రమ్ములకి వేరే రాయాలి. ఎవరు ఎప్పుడు అందుకోవాలో, ఎవరు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అన్నీ కాగితం మీద ఉండాలి. ఆయనకి మంచి చెవి ఉంది, కర్ర ఊపడం వచ్చు. రాయడం రాదు. రాసేది నేనని మా ఇంట్లో తప్ప ఎవరికీ తెలియదు. మా నాన్న ఇశ్రాయేలు క్లారినెట్ వాయించేవాడు. అయిదు గీతల మీద స్వరాలు రాయడం నాకు పదేళ్లప్పుడే నేర్పాడు. పెళ్లయి వచ్చేటప్పుడు తన క్లారినెట్ కూడా ఇచ్చి పంపాడు. దాన్ని నేను ఈ ఇంట్లో నోటికి ఆనించిన మొదటి సాయంత్రమే మా అత్తయ్య సౌభాగ్యమ్మ, "కోడలు గొట్టం ఊదతంటే వీధిలో తలెత్తుకునేదెట్టా?" అంది. ఆయన నవ్వి ఊరుకున్నారు. మర్నాటి నుంచి అది మా మరిది రూబెన్‌ది అయింది.

కాగితాలు ఎవరు రాశారని ఎవరూ అడగలేదు. బ్యాండ్ మాస్టర్ చేతిలోంచి వచ్చాయి కాబట్టి మాస్టారివే. ఒకసారి నేను మెల్లగా, "కింద నా పేరు కూడా రాసుకోనా?" అని అడిగితే, "మనిద్దరికీ వేరే వేరే పేర్లేంటే?" అన్నారు. ఆ మాటలో ప్రేమ ఉందో లేదో పద్దెనిమిదేళ్లుగా తేల్చుకోలేకపోతున్నాను.

ఆ డిసెంబరులో పప్పు ఉడికేలోపు ట్రంపెట్లు రాశాను, బట్టలు నానేలోపు డ్రమ్ములు రాశాను. స్వింగ్‌లో కష్టం స్వరాల్లో లేదు, నడకలో ఉంది. కాగితం మీద రెండు స్వరాలు సమానంగానే కనిపిస్తాయి. వాయించేటప్పుడు మొదటిది సాగాలి, రెండోది పొట్టిగా పడాలి. ఎన్నిసార్లు పాడి వినిపించినా ఆయన పెళ్లి ఊరేగింపు దరువులోకే జారిపోతున్నారు. చివరికి, "అత్తయ్య మోకాలి నొప్పితో నడుస్తదే, అట్టాగండీ. ఓ అడుగు సాగి, ఓ అడుగు పొట్టిగా" అన్నాను. మర్నాడు ప్రాక్టీసు దగ్గరికి టీ గ్లాసుల పళ్లెంతో వెళ్లేసరికి ఆయన కర్ర ఊపుతూ, "మా అమ్మ నడకరా! అట్టా ఊదండి" అంటున్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే నడక పట్టేశారు. సైడ్ డ్రమ్ము వాయించే సతీష్‌బాబు, "మాస్టారి బుర్రే బుర్ర" అంటూ నా పళ్లెంలోంచి గ్లాసు అందుకున్నాడు.

క్రిస్మస్ పాటల్లో ఒకదాన్ని మాత్రం నా కోసం రాసుకున్నాను. అందరూ ట్రంపెట్‌తో మొదలుపెట్టే పాటను యుఫోనియానికి ఇచ్చాను. రోజంతా పనిచేసి అలిసిపోయిన మనిషి ఒళ్లో బిడ్డకు లోగొంతుకతో పాడినట్టు ఉండాలి. దాని పైన క్లారినెట్లు స్వింగ్ నడకతో వచ్చి పోతుంటాయి. నందిగామ చర్చి ఆవరణలో అది మొదలైనప్పుడు కుర్చీల్లో గుసగుసలు ఆగిపోయాయి. నేను వెనక నిలబడి కేకు ముక్కలు సర్దుతున్నాను. రూబెన్ ఒంటరిగా క్లారినెట్ వాయించే చోటు వచ్చేసరికి నా వేళ్లు పళ్లెం అంచు మీద వాటంతటవే కదిలాయి. అతను ఒక స్వరం ఎగరగొట్టాడు. ఎవరికీ తెలియలేదు. చివర్లో మా ఆయనకి శాలువా కప్పారు. ఇంటికొచ్చాక దాన్ని మడతపెట్టి బీరువాలో పెట్టింది నేనే.

వారం తిరక్కముందే నందిగామ నుంచి సుస్మితగారని ఒకావిడ మా ఇంటికి వచ్చారు. అక్కడ ఆడపిల్లల హాస్టలు స్కూలుకి ప్రిన్సిపాల్. పిల్లలతో బ్యాండు పెడుతున్నారట, వాళ్లకి తగ్గట్టు పాటలు రాసి నేర్పే మాస్టారు కావాలట.

"ఆ యుఫోనియం పాట ఇంకా నా చెవుల్లోనే ఉందండీ" అన్నారు ఆయనతో. "మా దగ్గర క్లారినెట్లు ఎక్కువున్నాయి. మేనేజిమెంటుకి చూపించడానికి ఓ చిన్న ముక్క ఇప్పుడే రాసిస్తారా?" అని అయిదు గీతల కాగితం బల్ల మీద పెట్టారు.

ఆయన కాగితం వంక చూశారు. దాన్ని వేలితో పక్క కుర్చీ వైపు జరిపారు.

"జెరూషా, ఇట్టా కూర్చో. కళ్లజోడు ఎక్కడో పెట్టా. నే చెప్తా, నువ్వు రాయి."

మంచినీళ్ల గ్లాసులు పెట్టేసి కూర్చున్నాను. "సా... పా... పైకి పోనీ... ఇప్పుడు కిందకి రా" అంటూ ఆయన గాల్లో చెయ్యి ఊపుతున్నారు. నేను రాస్తున్నాను. ఆడపిల్లలు, చిన్న ఊపిరి, పొట్టి వేళ్లు. పెద్ద గెంతులు వద్దు. ఒకరి మాట ఇంకొకరు అందుకున్నట్టు మూడు క్లారినెట్లు. ఆయన చెప్పడం ఎప్పుడు ఆపేశారో నాకు తెలియలేదు. నా చెయ్యి మాత్రం ఆగలేదు.

తలెత్తేసరికి సుస్మితగారు నన్నే చూస్తున్నారు. కాగితం తీసుకుని లోలోపలే పాడుకున్నారు.

"సారు చెప్పింది ఇది కాదుగా అమ్మా" అన్నారు మెల్లగా. "ఎవరు రాశారిది? మాకు మగమాస్టారే కావాలని లేదు. ఆడమనిషైతే పిల్లలకి ఇంకా మంచిది."

అత్తయ్య తలుపు పట్టుకుని నిలబడింది. ఆయన నా వైపు చూడలేదు, నేల చూస్తున్నారు. వంగిన ఆ మెడ చూస్తే జాలేసింది. ఆ జాలి అంటేనే నాకు భయం. నందిగామ ఎంత దూరం? బస్సెక్కితే ముప్పావుగంట. వరసగా నిలబడ్డ ఆడపిల్లలు, నేను చెయ్యెత్తగానే ఒక్కసారి ఊపిరి తీసుకోవడం నాకు వినిపించింది. నేనే అంటే చాలు, రెండక్షరాలు. నోరు తెరిచాను.

"ఆయన చెప్పిందే రాశానండీ."

అది నా గొంతే. సుస్మితగారు ఇంకాసేపు ఆగారు. నేను ఇంకేమైనా అంటానేమోనని నేను కూడా ఆగాను. తర్వాత ఆవిడ కాగితాన్ని ఆయన ముందుకి జరిపి, కింద సంతకం చేయమన్నారు. ఆయన పెన్ను కోసం జేబు తడుముకున్నారు. పెన్ను నా చేతిలోనే ఉంది. మూత తీసి అందించాను.