గొర్రెల వెంట కట్టిన పాట

పోలీసు యాక్షన్ అయిన ఐదారేళ్లకు కూడా మోత్కూరు పక్కనున్న ఆ పల్లెలో నాట్లు పడ్డాయంటే పాట ఎత్తేది గోవిందమ్మే. ఆమె ఒక చరణం అంటే వెనక వరుసంతా అందుకునేది. నడుము వంగక, గొంతు లేవక ఆమె గట్టు మీద కూలబడ్డ ఏడు, ఆ పని మనవరాలు యాదలక్ష్మికి వచ్చింది.

"అచ్చం మీ అవ్వ గొంతే పిల్లా!" అని ఆడవాళ్లు మురిసేవారు. యాదలక్ష్మికి అది చురుక్కుమనేది. పాటలు అవ్వవి, గొంతూ అవ్వదే అయితే ఇక తనదంటూ ఏం మిగిలింది? ఎంత చక్కగా పాడినా ఎరువు తెచ్చుకున్న నగేగా!

అందుకే వేసవంతా గొర్రెల వెంట తిరుగుతూ సొంతంగా ఒక పాట కట్టుకుంది. జబ్బు చేసి, బండిలో నల్లగొండ దవాఖానకు పోయి తిరిగిరాని తల్లి సత్తమ్మ మీద. సత్తమ్మ గోవిందమ్మకు ఒక్కగానొక్క కూతురు. ఆమె పోయినప్పటి నుంచి ముసలామె ఆ పేరెత్తిన పాపాన పోలేదు.

వానలు పడ్డాయి. మడిలో దిగి యాదలక్ష్మి తన పాట ఎత్తింది. ఒక్కరూ అందుకోలేదు. చరణం సాగీ సాగీ ఎక్కడో ఆగేది, ఈలోపు చేతులు ముందుకు పోయేవి.

"గిదేం పాటనే? చేతులు తడబడుతున్నయి. మీ అవ్వ పాటే ఎత్తు," అంది పక్కింటి బిక్షమ్మ. అందరూ నవ్వారు. యాదలక్ష్మికి అక్కడే ఆ బురదలో దిగబడిపోవాలనిపించింది.

ఇంటికి పోతూ గోవిందమ్మ అంది: "పాట మంచిగనే ఉన్నదే. కని గొర్ల ఎనుక కట్టినవ్. గొర్రె ఆగిన కాడల్ల ఆగుతాంది. నాటేసే చెయ్యి ఆగుతదా?"

కూతురి గురించి మాత్రం ఒక్క మాటా అనలేదు.

మర్నాటి నుంచి యాదలక్ష్మి అవ్వ పాటలే ఎత్తింది. లోలోపల మాత్రం, నారు గుచ్చే చేతికి అడ్డొచ్చిన మాటనల్లా తన పాటలోంచి తెంపేసింది. మోజుపడి కట్టుకున్న మాటలెన్నో ఆ బురదలోనే వదిలేసింది. ఆఖరి మడి నాడు మళ్లీ ఎత్తింది.

"బండెక్కి పోయిన మాయమ్మా
బాట మరిసినవా మాయమ్మా"

ఎవరూ పలకలేదు. ఈసారీ అందుకోకపోతే జన్మలో సొంత పాట జోలికి పోనని ఒట్టు పెట్టుకుని మరోమారు ఎత్తింది. "మాయమ్మా" అని వరుస చివర నుంచి బిక్షమ్మ అందుకుంది. వెంటనే వరుసంతా కలిసింది. చేతులు వాటంతటవే నడుస్తున్నాయి.

అప్పుడు గట్టు మీద నుంచి వణికే గొంతు ఒకటి తోడైంది. అందరూ "మాయమ్మా" అంటుంటే, అది మాత్రం "నా బిడ్డా" అంటోంది. యాదలక్ష్మి పాట ఆపలేదు.

పాట అయ్యాక బిక్షమ్మ నడుమెత్తి గట్టు వైపు చూసింది. "గొంతు మళ్లొచ్చిందా అత్తా? ఇగ నువ్వే ఎత్తు."

గోవిందమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"నేనెట్ల ఎత్తుత? పాట నా మనుమరాలిది. నేను ఎనుక అందుకుంట."