సబ్బు కాగితం లోపలివైపు

1911లో అమెరికాలోని బఫెలో నగరంలో, పోలండ్ నుంచి వలస వచ్చిన మా పోలిష్ పేటకు టైఫాయిడ్ వచ్చింది. అప్పటికి ఆరేళ్ళుగా నేను లాంతరు మార్కు సబ్బు ఫ్యాక్టరీలో సబ్బులకు కాగితం చుడుతున్నాను. మా ఇంట్లో మాత్రం సబ్బు సోమవారం ఉతుకుడుకే బయటికి వచ్చేది.

మా నాలుగేళ్ళ కూతురు జోసియా మంచం పట్టింది. పేట నర్సు కోరా ట్విచెల్ రోజూ వచ్చేది. పిల్ల పాడుచేసిన దుప్పట్లను తనే ఉడకబెట్టి ఉతికేది. ఆ తర్వాత మోచేతులదాకా సబ్బు రుద్దుకుని, "నువ్వూ కడుక్కో తెక్లా. దొడ్డికి వెళ్ళొచ్చాక, రొట్టె ముట్టుకునేముందు, తప్పకుండా" అనేది.

మా అత్తగారు రోజాలియా మూతి తిప్పింది. "నేను ఏడుగుర్ని కన్నాను. రొట్టె ముట్టుకోడానికి సబ్బేంటే? ఊపిరి పీల్చుకోడానికీ సబ్బు కావాలంటుందేమో ఈవిడ!"

నేను మొహమాటపడుతూ ఆ మాటల్ని నర్సుకు ఇంగ్లీషులోకి తర్జుమా చేశాను. నర్సు కోపగించుకోలేదు. "ఏడుగురిలో ఎంతమంది మిగిలారో అడుగు" అంది మెల్లగా.

అడిగాను.

"ముగ్గురు."

అత్తగారు లేచి వెళ్ళి చేతులు కడిగే పళ్ళెం ముందు చేతులు చాపింది. "పొయ్యవే నీళ్ళు, చూస్తావేం?"

అయిదు వారాలకు జోసియా లేచి కూచుని బంగాళాదుంపల పులుసు అడిగింది. ఆ రోజు నర్సును పట్టుకుని ఏడ్చేశాను.

కానీ వీధిలో జబ్బు ఆగలేదు. నర్సు పంచిన ఇంగ్లీషు కరపత్రాలు పొయ్యి రాజెయ్యడానికే పనికొచ్చాయి. ఇంగ్లీషు చదవడం వస్తే కదా! ఫ్యాక్టరీలో నా ముందున్న సబ్బు కాగితాల లోపలివైపు ఖాళీగా ఉండేది. భోజనాల వేళ పెన్సిలు తీసి, నర్సు మాటల్ని వాటిమీద పోలిష్‌లో రాయడం మొదలుపెట్టాను. నాలుగో రోజున మేస్త్రీ హాస్కె పట్టుకున్నాడు.

"ఏంటివి తెక్లా, ప్రేమలేఖలా?"

"చేతులు కడుక్కోమని రాశానండీ."

"ఇంగ్లీషులో రాయొచ్చుగా?"

"మా వీధికి ఇంగ్లీషు రాదండీ."

కాగితం పట్టుకుని యజమాని గదికి వెళ్ళాడు. ఇక ఉద్యోగం ఊడిందనుకుని ఏప్రన్ విప్పి మడత పెట్టాను. అరగంటకు హాస్కె దిగి వచ్చాడు.

"తప్పుల్లేకుండా ఇంకోసారి రాసివ్వమన్నారు. అచ్చు వేయిస్తారట. ఆ ఏప్రన్ ఎందుకు విప్పావ్? కట్టుకో!"

ఆ నెలాఖరు నుంచి మా పేటకు వచ్చే ప్రతి సబ్బు లోపలా ఆ మాటలున్నాయి. మరుసటి ఏడాది మా వీధిలో రెండిళ్ళకే జబ్బు తగిలింది. ఘనతంతా సబ్బుదే అనను. నీళ్ళు కాచి తాగడమూ అందరికీ అలవాటైంది.

నర్సును వేరే పేటకు మార్చినప్పుడు అత్తగారు గసగసాల రొట్టె చేసి తనే తీసుకెళ్ళింది. మా ఆచారం ప్రకారం నర్సు చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకుంది. కడిగి కడిగి ఆ చెయ్యి పగిలి నెత్తురు చిమ్మేలా ఉంది.

"అయ్యో తల్లీ, మా పిల్లల కోసం ఎంత అరగదీసుకున్నావమ్మా!" అంటూ, శాలువా చాటున దాచి తెచ్చిన, పగుళ్ళకు రాసే బాతుకొవ్వు డబ్బా తీసి, వీధిలోనే నిలబడి ఆ వేళ్ళకు ఒక్కొక్కదానికీ రాసింది.