పక్క సీటు బ్రేకు

నా కారు వెనక సీట్లోంచి మనవరాలు ఎత్తుగా కూర్చునే బూస్టరు సీటు తీసుకెళ్ళిన రోజు మా అమ్మాయి నాతో ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. బెల్టు విప్పింది, సీటు కింద రాలిన బిస్కెట్ పొడిని చేత్తో దులిపింది, సీటుని చంకన పెట్టుకుంది.

"నీ మీద కోపం కాదు నాన్నా. కొన్నాళ్ళు ఈత క్లాసుకి నేనే తీసుకెళ్తాలే" అంది.

తిట్టి ఉంటే బాగుండేది. దాని కోపం మర్నాటికి చల్లారిపోతుంది. అంత మెత్తగా చెప్పిందంటే చాలా రోజులు ఆలోచించి చెప్పిందన్నమాట.

జరిగింది పెద్ద ప్రమాదం కాదు. వానలో, ఈతకొలను దగ్గరి మలుపు తిరుగుతూ నేను బ్రేకు తొక్కాను. కారు వెనక భాగం పక్కకి జారింది. ముందు దీపం ఇనుప కంచెకి తగిలి పగిలింది. మనవరాలు పెదవి కొరుక్కుంటే కాస్త నెత్తురు వచ్చింది. ఏడవలేదు. "తాతయ్యా, కారు డాన్సు చేసిందా?" అని అడిగింది. నా చేతులు స్టీరింగు మీంచి ఊడి రావడానికి చాలాసేపు పట్టింది.

మంగళవారం, శుక్రవారం దాన్ని ఈతకి తీసుకెళ్ళడం నా పని. మా ఆవిడ పోయిన ఈ రెండేళ్ళలో నా వారానికి ఉన్న రెండు గుంజలు అవే. మిగతా రోజులు వాటి మధ్య కట్టిన తాడు మీద ఎలాగో వేలాడేవి.

నేను నీటి సరఫరా ప్రయోగశాలలో ముప్ఫై నాలుగేళ్ళు సీసాల్లో నీళ్ళు పరీక్షించాను. మా ఆవిడ ఫిజియోథెరపిస్టు. ఇంటింటికీ తిరిగి, పడిపోయిన వాళ్ళనీ ఆపరేషన్లయిన వాళ్ళనీ నడిపించేది. రోజంతా స్టీరింగు ఆమె చేతిలోనే ఉండేది కాబట్టి సెలవు రోజుల్లోనూ ఆమే నడిపేది. నేను లైసెన్సున్న ప్రయాణికుణ్ణి. దారి చెప్పడం, నీళ్ళసీసా మూత తియ్యడం నా వంతు.

పగిలిన దీపం మార్చిన మెకానిక్కు పాత పరిచయస్తుడు. పని అయ్యాక చేతులు తుడుచుకుంటూ, "బండికి దెబ్బ తక్కువే సార్. నడిపే కాలికే కాస్త రిపేరుంది. ఏమీ అనుకోకండి" అన్నాడు.

"అనుకోవడానికేముంది, నిజమేగా. ఆ రిపేరు ఎక్కడ చేస్తారు?"

"ఆదివారం కూరగాయల మార్కెట్టు యార్డు ఖాళీగా ఉంటుంది. అక్కడ కోన్లు పెట్టి కార్లు తిప్పుతారు. బస్సక్కని అడగండి, నేర్పుతుంది."

"రేసులా?"

"రేసంటే రేసే. కానీ ముందూ వెనకా ఎవరూ ఉండరు. ఒక్కో కారే వెళ్ళాలి, పోటీ గడియారంతోనే. గుద్దినా రబ్బరు కోనే కదా, కేసు పెట్టదు."

ఆ ఆదివారం వెళ్ళాను. విశాలమైన తారు నేల, దాని మీద ఎండిపోయిన క్యాబేజీ ఆకులు, నారింజ రంగు కోన్లతో గీసిన దారి, పదిహేను దాకా కార్లు. బస్సక్కకి నలభై అయిదేళ్ళుంటాయి. వారమంతా బడి బస్సు నడుపుతుంది. మెడలో ఈల, కాళ్ళకి పల్చటి అడుగున్న బూట్లు. నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, "ముందు నడవండి బాబాయ్ గారూ" అంది.

"కారు తెచ్చానమ్మా."

"తెచ్చారు, చూశాను. ఇక్కడ దారిని ముందు కాళ్ళతో నేర్చుకోవాలి. ఆ తర్వాతే టైర్లు."

అందరం కోన్ల మధ్య నడిచాం. ఆ యార్డులో ఇంకో నియమం కూడా ఉంది. కారు తెచ్చినవాడు తన వంతు కానప్పుడు ఎండలో నిలబడి, మిగతావాళ్ళు పడగొట్టిన కోన్లు నిలబెట్టాలి. పడ్డ ఒక్కో కోనుకి రెండు సెకన్లు కలుపుతారు. నన్ను నిలబెట్టిన మలుపులో ఎక్కువ పని కల్పించినవాడు ఎర్ర కారు వేసుకొచ్చిన పళ్ళ డాక్టరు. మూడు కోన్లు వరసగా లేపేశాడు.

"డాక్టరు గారూ, అవి పళ్ళు కావండీ ఊడబెరకడానికి!" అని బస్సక్క మైకులో అరిచింది.

"మత్తు ఇవ్వకుండానే తీశాను, మెచ్చుకోండి" అని ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

నవ్వు వచ్చింది. ఎండలో, ముక్కూ మొహం తెలీని వాళ్ళ మధ్య, చేతిలో కోను పట్టుకుని గట్టిగా నవ్వాను. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది.

నా వంతు వచ్చినప్పుడు బస్సక్క హెల్మెట్టు పెట్టుకుని పక్కన కూర్చుంది. "నేను ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంటాను. మీరు వినక్కర్లేదు, నడపండి" అంది. పచ్చజెండా ఊపారు. ఆమె తన ఫ్రిజ్జు చెడిపోయిన వైనం మొదలుపెట్టింది. రిపేరు మనిషి వచ్చాడట, తలుపు తీశాడట, వాసనకి... మలుపు దగ్గర మాట ఆగింది. మలుపు దాటాక మళ్ళీ మొదలైంది. వాసనకి వెనక్కి దూకాడట, వాళ్ళ అత్తగారు... మళ్ళీ ఆగింది. మొత్తానికి గమ్యం చేరాం. ఎనభై నాలుగు సెకన్లు. పట్టీలో నా కింద ఎవరూ లేరు.

"నా మాట ఎన్నిసార్లు తెగింది?" అని అడిగింది.

"అయిదుసార్లు."

"మలుపులెన్ని?"

"అయిదు."

"మా బస్సులో పిల్లలు పాటలు పాడతారు బాబాయ్ గారూ. నేను మలుపు సరిగ్గా తీసుకుంటే పాట సాగుతూనే ఉంటుంది. తప్పుగా తీసుకుంటే ఠక్కున ఆగుతుంది, ఒక్క క్షణమే. వాళ్ళకి తెలీదు ఎందుకు ఆపామో. ఒంటికి తెలుస్తుంది. నాకు అదే మీటరు. మీరు మలుపులోకి వెళ్ళాక బ్రేకు తొక్కుతున్నారు. తొక్కాల్సింది అంతకు ముందు, బండి తిన్నగా ఉన్నప్పుడు."

హెల్మెట్టు తీస్తూ ఆమె కిందకి చూసింది. కాళ్ళ దగ్గరి మ్యాటు మీద చూపు ఆగింది.

"ఈ సీట్లో ఎవరు కూర్చునేవాళ్ళు?"

"నేనే. ముప్ఫై ఏళ్ళు."

"నడిపింది?"

"మా ఆవిడ."

ఆమె మ్యాటు మీద కుడికాలు ఆనే చోటు వేలితో చూపించింది. అక్కడ సైకిలు ట్యూబు ముక్కతో వేసిన అతుకు ఉంది. ఆ అతుకు కూడా అరిగి మధ్యలో నునుపెక్కింది.

నాకు సిగ్గేసింది. మా ఆవిడ నడుపుతున్నంతసేపూ, ప్రతి మలుపులోనూ, లేని బ్రేకుని నా కాలు తొక్కుతూనే ఉండేది. ఆమె చాలా బాగా నడిపేది. అయినా తొక్కేవాణ్ణి. అప్పుడప్పుడు కనుకొలకుల్లోంచి చూసి, "ఆగిందా కారు?" అనేది. అంతకు మించి ఏనాడూ ఏమీ అనలేదు.

"సీటు మారారు గానీ మీ కాలు ఇంకా ఇక్కడే ఉంది. ఇక్కడ తొక్కితే మ్యాటు అరిగింది, అంతే. అక్కడ తొక్కితే బ్రేకు నిజంగా పడుతుంది" అంది బస్సక్క. తర్వాత, "అతుకు మాత్రం చక్కగా వేశారు" అంది.

"నేను వెయ్యలేదమ్మా."

ఆమె వెళ్ళాక తలుపు తెరిచి మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. ట్యూబు ముక్క నాలుగు మూలలూ కత్తెరతో గుండ్రంగా కత్తిరించి ఉన్నాయి. మోకాళ్ళకి వేసే టేపుని మా ఆవిడ అలాగే కత్తిరించేది. మూల గుండ్రంగా ఉంటే లేచిపోదని చెప్పేది. ఎప్పుడో ఒకరోజు, నేను ఇంట్లో లేనప్పుడు, నా భయం కింద చిల్లు పడితే చూసి, ఏమీ అనకుండా అతుకు వేసి ఊరుకుంది. కోన్లు నిలబెట్టే పని మళ్ళీ నా వంతుకి వచ్చిందని ఈల వేసేదాకా అలాగే కూర్చున్నాను.

తర్వాత నాలుగు ఆదివారాలు వెళ్ళాను. ఇంట్లో కుర్చీలో కూర్చుని, కాళ్ళ కింద చెప్పులు పెడళ్ళలా పెట్టుకుని సాధన చేశాను. ముందు తొక్కు, వదులు, తర్వాత తిప్పు. మలుపు మధ్యలో కాలు పైకి లేవడానికి మొదట్లో ఒప్పుకోలేదు. ఎనభై నాలుగు డెబ్బై తొమ్మిదయింది, తర్వాత డెబ్బై నాలుగు. ఇప్పటికీ చివరివాణ్ణే. పళ్ళ డాక్టరు మాత్రం, "మీరు ఉండబట్టి మాకు ధైర్యంగా ఉంది సార్, మానకండి" అని వేడుకునేవాడు.

మా అమ్మాయికి చెప్పలేదు. బంపరు చెప్పేసింది.

"మళ్ళీ దేన్ని గుద్దావ్ నాన్నా?" అంది, వంగి నారింజ రంగు చారల్ని గోటితో గీకుతూ.

"కోన్లని."

"రోడ్డు పనుల దగ్గరా?"

"కాదే. వాటికోసమే వెళ్ళి..."

"వాటికోసమే వెళ్ళి గుద్దావా!"

మొత్తం చెప్పాల్సి వచ్చింది. అంతా విని, "అరవై ఏడేళ్ళకి రేసులు" అంది. ఆ ఆదివారం పిల్లని వాళ్ళాయనకి అప్పగించి, నా వెనకే యార్డుకి వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. బస్సక్క దానికి హెల్మెట్టు అందించింది.

"నేను చూడ్డానికే వచ్చానండీ."

"పక్క సీట్లోంచి ఇంకా బాగా కనిపిస్తుందమ్మా. ఒక్కటే షరతు, మాట్లాడుతూ ఉండాలి."

"ఏం మాట్లాడాలి?"

"మీ నాన్నగారి మీద ఫిర్యాదులు చెప్పండి. ఒక రౌండుకి సరిపడా ఉంటాయి కదా?"

"ఒక రౌండు చాలదు" అంది మా అమ్మాయి, బెల్టు పెట్టుకుంటూ.

జెండా ఊపారు. అది మొదలుపెట్టింది. "ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తితే బాగానే ఉన్నానంటావు. నిలబడి తింటావు, కంచం కూడా పెట్టుకోవు..." తిన్నగా ఉన్నప్పుడే బ్రేకు తొక్కాను, వదిలాను, తిప్పాను. "...వంటింట్లో బల్బు పోయి నెలయింది, సెల్‌ఫోను వెలుగులో టీ పెట్టుకుంటావు..." రెండో మలుపు దాటింది. "...అమ్మ బీరువా ఇప్పటిదాకా తెరవలేదు, నన్ను తెరవనివ్వవు..." మూడోది, నాలుగోది. నేను దాని వైపు చూడలేదు, చూసే తీరిక లేదు. కానీ దాని గొంతు నా పక్కన ఎక్కడా ఆగకుండా సాగుతోంది. చివర్లో పొడవాటి తిన్నటి దారి వచ్చింది.

"ఆ రోజు ఫోన్ చేసి పిల్లకేం కాలేదన్నావు. నీకేమైందో చెప్పలేదు. నీ మణికట్టు వాచిందని నాలుగు రోజుల తర్వాత చూశాను. నేను పిల్ల గురించి మాత్రమే భయపడ్డాననుకున్నావా? అమ్మ తర్వాత నువ్వు కూడా..."

అక్కడ ఆగిపోయింది. అయిదో మలుపు ఇంకా రాలేదు. దారి తిన్నగానే ఉంది. నేను బ్రేకు తొక్కాను, వదిలాను, తిప్పాను. కారు మెత్తగా తిరిగింది. గమ్యం దాటి ఆపాను.

బస్సక్క కిటికీ దగ్గరకి వచ్చింది. "డెబ్బై ఆరు. ఒక కోను. మాట ఎక్కడైనా తెగిందా అమ్మా?"

మా అమ్మాయి హెల్మెట్టు లోపలికి వేలు పోనిచ్చి కళ్ళు తుడుచుకుంది. "తెగింది. మలుపులో కాదు" అంది.

బస్సక్క కారు పైకప్పు మీద అరచేత్తో రెండుసార్లు తట్టి వెళ్ళిపోయింది.

తిరిగి వెళ్ళేటప్పుడు అది యార్డు గేటు దగ్గర ఆపిన తన కారు పక్కన దిగుతూ, "ఆ బల్బు రేపే మార్చు" అంది. "సరే" అన్నాను. "చెయ్యి చూపించు" అంది. చూపించాను. వాపు ఎప్పుడో తగ్గింది. అయినా తిప్పి తిప్పి చూసింది, అచ్చం వాళ్ళమ్మ లాగే.

శుక్రవారం సాయంత్రం బూస్టరు సీటు తెచ్చి వెనక బిగించింది. బెల్టు రెండుసార్లు లాగి చూసింది. "వాన ఎక్కువైతే ఫోన్ చెయ్యి, నేనొస్తాను. దాన్ని పాడుతూ ఉండమన్నాను" అంది.

సగం దారిలో తుంపర మొదలైంది. అద్దంలోంచి మనవరాలు అడిగింది. "తాతయ్యా, నాకు పాటలేవీ పూర్తిగా రావు. ఎక్కాలు చెప్పనా?"

"చెప్పు తల్లీ."

ఏడో ఎక్కం అందుకుంది. ఈతకొలను మలుపు కనిపించింది. తడిసిన ఇనుప కంచె మీద నా కారు తగిలిన చోట రంగు ఇంకా గీరుకునే ఉంది. దూరంగానే బ్రేకు తొక్కాను. ఏడారులు నలభై రెండు. వదిలాను. ఏడేడులు నలభై తొమ్మిది. తిప్పాను. ఏడెనిమిదులు...

గొంతు ఆగిపోయింది. కాలు లేచింది, బ్రేకు మీద ఆనబోయింది, ఆనలేదు. కారు తిరుగుతూనే ఉంది.

"ఏడెనిమిదులు ఎంత తాతయ్యా?"

"యాభై ఆరు."

"ఆఁ, యాభై ఆరు" అంది అది, నేనేదో తన మాట దొంగిలించినట్టు విసుగ్గా. ఏడు తొమ్ముదులు దగ్గరకి వచ్చేసరికి మేం ఈతకొలను గేటు ముందున్నాం.