కౌజు పిట్టలకు తగిలిన మైల

“నువ్వు బయట కూసున్నప్పుడే చస్తున్నయ్ సూడు. నీ మైలనే తగులుతాంది,” అన్నాడు మా ఆయన కోటేష్, చచ్చిన కౌజు పిట్టలున్న తట్టను నా ముందు పడేసి.

నేను అప్పుడు ఆయన ఆఫీసు ప్యాంటుకు సబ్బు రుద్దుతున్నాను. ముట్టయితే మూడు రోజులు నా చేతి నీళ్లు ఇంట్లో ఎవరూ తాగరు. నేను వంటింటి గడప తొక్కకూడదు. షెడ్డులో పిట్టలను ముట్టకూడదు. నేను ఉతికిన ప్యాంటు మాత్రం తొడుక్కోవచ్చు, నేను ఎత్తిన పేడకు అంటు లేదు. మైల కూడా మా ఆయనను అడిగే ఎవరికి తగలాలో నిర్ణయించుకుంటుందనుకుంటా.

మా పుట్టింటి తండాలో ఈ పట్టింపు నేనెరుగను. మా అమ్మ ముట్టయినా పత్తి ఏరేది, ఇంటికొచ్చి రొట్టెలు చేసేది. దమ్మపేటలో మండలాఫీసు ఉద్యోగం వచ్చాకే కోటేష్‌కు ఆచారాలు వచ్చాయి. పెద్ద సార్ల ఇళ్లలో ఎట్లా ఉంటారో చూసొచ్చి జీతంతో పాటు అవీ పట్టుకొచ్చాడు. మా అత్త చాంది మొదట్లో “మనకెందుకురా ఇయన్నీ” అని నవ్వింది. ఉద్యోగం చేసే కొడుకు మాట కదా, తర్వాత ఆమే నాకు బయట చాప వేయడం మొదలుపెట్టింది.

షెడ్డు నాది. మహిళా సంఘం లోనుతో రేకులు వేయించి, జాలీ నేనే కట్టుకున్నాను. పెళ్లయి వచ్చాక ఈ ఇంట్లో నాది అని చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే. ఇంకోసారి పిట్టలు చస్తే షెడ్డును ఎరువుల షావుకారికి కిరాయికిస్తానని కోటేష్ అప్పటికే మాటిచ్చి వచ్చాడు. నన్ను అడగలేదు. అంతకంటే బాధేమిటంటే, ఆయన మాట నేనూ సగం నమ్మాను. ఎన్ని చెంబులు పోసుకున్నా పోనిదేదో నా ఒంట్లోనే ఉందేమోనని నన్ను నేనే అసహ్యించుకున్నాను.

ఆ రోజు తట్టను పెంటకుప్ప మీద పారబోయబోయి ఆగాను. కత్తిపీట ముందేసుకుని కూర్చున్నాను. ఊళ్లో ఎవరు కౌజు పిట్టలు కొన్నా తోలు తీసి ఇచ్చేది నేనే. రోగమొచ్చిన పిట్ట లోపల ఎట్లా ఉంటుందో పశువుల డాక్టరు ఒకసారి కోసి చూపించాడు. వీటికి అదేమీ లేదు. పేగులు శుభ్రంగా ఉన్నాయి, మేత సంచి నిండుగా ఉంది. తల మీది తోలు లాగితే మాత్రం కింద నల్లగా నెత్తురు గడ్డకట్టి ఉంది. ఇంకోదాన్ని చూశాను, ఇంకోదాన్ని చూశాను. అన్నిటికీ తలే పగిలింది. బుర్రకు దెబ్బ తగిలి చచ్చిన పిట్టకు నా ముట్టుతో ఏం పని?

మర్నాడు పొద్దున నా బదులు కోటేష్ దాణా వేయడానికి పోతుంటే షెడ్డు వెనక్కి పోయి జాలీలోంచి చూశాను. రేకు తలుపును కాలితో తన్నాడు. జేబులో సెల్లు మోగింది. పిట్టలన్నీ బెదిరి ఒక్కసారిగా నిట్టనిలువునా లేచాయి. కౌజు పిట్ట బెదిరితే పక్కకు పోదు, పైకే ఎగురుతుంది. పైన ఇనుప జాలీ. టపటపా తలలు తగిలాయి. రెండు కింద పడి కాసేపు కొట్టుకున్నాయి. ఆయన ఫోన్‌లో మాట్లాడుతూనే దాణా పోశాడు.

నేనైతే గొళ్లెం తీయకముందే పలకరిస్తాను. అవి నా గొంతు విని సర్దుకుంటాయి. నన్నెవరూ అట్లా పలకరించి రారు. వంటింట్లో ఉంటే వెనక నుంచి వచ్చి గద్దిస్తాడు. నా చేతిలో గిన్నె జారిపోతే “గంత ఉలిక్కిపడతవేంది, దొంగతనం చేస్తున్నవా” అని నవ్వుతాడు. పదేళ్లుగా అది నా పిరికితనమనే అనుకున్నాను. ఆ జాలీ దగ్గర నిలబడే నాకు మొదటిసారి మండింది.

నేను ముందువైపుకు వచ్చేసరికి ఆయన రెండు పిట్టలూ, దాణా బకెట్టూ పట్టుకుని బయటికొచ్చాడు. వాకిట్లో మా అత్త ఊడుస్తోంది.

“సూసినవా అమ్మా, మళ్ల,” అని పిట్టలను ఆమె ముందు పడేశాడు.

“అవ్,” అన్నాను. “నేను బయట కూసున్నప్పుడే చస్తున్నయ్. గప్పుడు లోపలికి పోయేది నువ్వు గనక.”

ఆయనకు అర్థం కాలేదు. ఒక పిట్టను ఎత్తి అత్త చేతిలో పెట్టి, తల మీద వేలు ఆనించి చూడమన్నాను. ఆమె నొక్కి చూసింది. వేలు మెత్తగా లోపలికి దిగింది. కొడుకు వైపు చూసి చీపురు కింద పెట్టింది.

“ముట్టు మీద ఉండి ఎంత మాటంటున్నవ్,” అన్నాడు కోటేష్.

దగ్గరికి పోయి ఆయన చేతిలోని దాణా బకెట్టు లాక్కున్నాను. ఆయన చెయ్యి వదలకపోతే మణికట్టు పట్టుకుని విడిపించాను. ఆయన నిప్పు తగిలినట్టు వెనక్కి జరిగాడు.

“ముట్టుకున్న. పోయి తానం చెయ్యి,” అన్నాను. “ఇగ నా షెడ్డుల అడుగు పెట్టకు. నీ మైలకే సస్తున్నయ్ నా పిట్టలు.”