ముహూర్తానికి ఊడని టోపీ

పెళ్లిలో అందరూ పెళ్లికూతుర్ని చూడాలి. మా అక్క నిరుపమ పెళ్లిలో చూశారా? లేదు. అక్క ఉద్యోగం చేసే విదేశీ ఊరు డునెడిన్‌లో ఆ హాల్లో ఉన్న ప్రతి కన్నూ పెళ్లికొడుకు నెత్తిమీదే ఉంది. దానికి కారణం మా పెద్దమ్మ కామేశ్వరమ్మ, ఆవిడ ఇడ్లీ పాత్ర.

పెళ్లికొడుకు హేమిష్, అక్క పనిచేసే ఆసుపత్రిలోనే నర్సు. వాళ్ల తాత ఆర్చీకి మా పద్ధతులన్నీ నచ్చాయి. పంచె కూడా కట్టుకున్నాడు. బదులుగా ఒక్కటే అడిగాడు. వాళ్లింట్లో ప్రతి పెళ్లికొడుకూ ముత్తాతల నాటి పొడవాటి నల్ల టోపీ పెట్టుకుంటాడట. పెళ్లికూతురు దాన్ని తన చేత్తో తీస్తేనే పెళ్లయినట్టు. మాకేమో నెత్తిన జీలకర్ర బెల్లం పెడితేనే పెళ్లి. పంతులుగారు రెండూ కలిపేశారు. ముహూర్తానికి అక్క ఎడమచేత్తో టోపీ తీసి, కుడిచేత్తో జీలకర్ర బెల్లం పెట్టాలి. అంతా బాగానే ఉంది. బాగున్నదాన్ని బాగుచెయ్యకుండా మావాళ్లు ఉండలేరు.

ముందురోజు ఆర్చీ టోపీ తెచ్చి చూపించాడు. పూర్వం ఇలాంటివి బీవర్ అనే జంతువు బొచ్చుతో చేసేవారట, తర్వాత పట్టువి వచ్చాయట. డాక్టర్లు, బ్యాంకు ఆఫీసర్లు, ఆఖరికి గొప్పింటి బడిపిల్లలు కూడా ఇవి పెట్టుకుని తిరిగేవారట. రానురాను పెళ్లిళ్లకీ చావులకీ మిగిలాయి.

"ఈ పట్టు నేసే మగ్గాలే ఇప్పుడు లేవు. లోపలి గుడ్డ గట్టిగా నిలబడ్డానికి లక్క పట్టిస్తారు" అన్నాడు టోపీని నిమురుతూ. నేను పెద్దమ్మకి తెలుగులో చెప్పాను. ఆ లక్క సంగతి చెప్పకుండా ఉండాల్సింది.

ఎందుకంటే టోపీ హేమిష్‌కి బిగువు. గుమ్మడికాయ మీద గ్లాసు బోర్లించినట్టు పైపైనే నిలబడింది. పెళ్లి రోజు పొద్దున కాఫీ కోసం హాలు వంటింట్లోకి వెళ్లేసరికి, ఆ టోపీ ఇడ్లీ ఆవిరి మీద బోర్లించి ఉంది.

"ఏంటిది పెద్దమ్మా?"

"లాడ్ బజార్‌లో లక్క గాజులు ఎలా వేస్తారే? వేడి తగిలితే మెత్తబడతాయి, చేతికి సరిపెడతారు. ఇదీ అంతే. ముహూర్తం టైములో జారి కిందపడితే అపశకునం కాదూ?"

హేమిష్‌ని పిలిచి, వేడివేడిగా పెట్టి, రెండు చేతులతో చెవులదాకా నొక్కేసింది. "పర్ఫెక్ట్, ఆంటీ" అన్నాడు ఆ అమాయకుడు. లక్క చల్లారింది. గాజు మణికట్టుకి అమరినట్టు టోపీ తలకి అమరింది. పెద్దమ్మ తన తెలివికి తనే మురిసిపోయింది.

ముహూర్తం వచ్చింది. అడ్డుతెర మీదుగా అక్క చెయ్యి వచ్చి టోపీ అంచు పట్టి లాగింది. టోపీ రాలేదు, హేమిష్ లేచాడు. మళ్లీ లాగింది. మళ్లీ లేచాడు. నేను లాగాను. ఇద్దరు నర్సులు లాగారు. హాలంతా పడీపడీ నవ్వుతోంది. పెద్దమ్మ ఒక్కతే చెంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

"అమ్మా, ముహూర్తం దాటిపోతోంది. జీలకర్ర బెల్లం తలకి తగలాలి. నేను టోపీకి పెళ్లి చెయ్యలేను" అన్నారు పంతులుగారు.

అక్క మణికట్టు మీదుగా బెల్లం కారుతోంది. అప్పటిదాకా నవ్విన మనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి. ముహూర్తం తప్పితే మా అమ్మ బతికినన్నాళ్లూ బాధపడుతుంది. టోపీని పాడుచేస్తే ఆర్చీ ముఖం ఎలా చూస్తుంది? ఆ ముసలాయనంటే అక్కకి ప్రాణం.

ఆర్చీ లేచాడు. పంచె ఒక చేత్తో ఎత్తి పట్టుకుని మండపమెక్కి, పూలదండల దారం కోసే కత్తెర అడిగాడు. టోపీ వంక ఒక్కసారి చూశాడు. తర్వాత పైఅంచున కత్తెర గుచ్చి చుట్టూ కోసుకుంటూ పోయాడు. పాలడబ్బా మూతలా టోపీ నెత్తి తెరుచుకుంది. లోపల హేమిష్ ఎర్రజుట్టు కనిపించింది.

అక్క చెయ్యి లోపలికి పెట్టి జీలకర్ర బెల్లం అద్దింది. గట్టిమేళం మోగింది. అక్షింతలు సగం టోపీలోనే పడ్డాయి.

వాళ్ల పద్ధతి సగం పెళ్లి ఇంకా మిగిలే ఉంది. పెద్దమ్మ పరుగున దీపాల నూనె తెచ్చి ఆ కంతలోంచి పోసింది. హేమిష్ కళ్లు మూసుకున్నాడు. అక్క రెండు చేతులా పట్టి లాగితే ఈసారి టోపీ చేతికొచ్చేసింది. నూనె, బెల్లం, బియ్యంతో హేమిష్ తల పులిహోర కలిపినట్టుంది. ఆర్చీ నవ్వుతూ ఏడ్చేశాడు. "ఇప్పుడయింది పెళ్లి" అన్నాడు.

భోజనాలయ్యాక పెద్దమ్మ ఒక మూల కూర్చుని, ముక్కు చీదుకుంటూ, ఆ మూతని నల్లదారంతో కుట్టడం మొదలుపెట్టింది. ఆర్చీ వచ్చి పక్కన కూర్చుని సూది లాక్కున్నాడు. ఆయన అన్నది నేనే తెలుగు చేసి చెప్పాను.

"కుట్టొద్దు. నాకింకా ఇద్దరు మనవళ్లున్నారు. వాళ్లకీ మీ అమ్మాయిలే నచ్చితే మళ్లీ ఎవరు కోస్తారు?"